పొత్తంలో ఉంటే చాలా? మూలికా మందుల గుర్తింపుపై నూరేళ్ల వాదం

2021 మే నెలలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం దారులు జనంతో కిక్కిరిసిపోయాయి. ఆసుపత్రుల్లో పడకలు దొరకని రోజులవి. ఆ ఊరి వైద్యుడు ఆనందయ్య కరోనాకు ఇచ్చే మందు కోసం వేలమంది బారులు తీరారు. జిల్లేడు పువ్వు, మారేడు, నేరేడు, వేప, పసుపు, తోకమిరియాలు, తేనె వంటివి అందులో ఉన్నాయని వార్తలు వచ్చాయి. తాకిడి తట్టుకోలేక పంపిణీ ఆపించారు. నమూనాలు పరీక్షకు వెళ్లాయి. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా మందుల పంపిణీకి ఒప్పుకుంది. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదికను బట్టి అప్పుడు చెప్పిన మాట ఇది: ఈ మందు వల్ల హాని కనబడలేదు, కరోనా తగ్గుతుందనడానికి ఆధారమూ లేదు. ఆయుష్ అధికారులు దాన్ని ఆయుర్వేద ఔషధం అనలేదు, నాటుమందు అన్నారు.

అనుమతి ఇచ్చారంటే పనిచేస్తున్నట్టే కదా అని ఒక వర్గం పండగ చేసుకుంది. ఆధారం లేదంటూనే అనుమతి ఎలా ఇచ్చారని ఇంకో వర్గం నిలదీసింది. రెండు వర్గాలూ ‘గుర్తింపు’ అన్న మాటే వాడాయి కానీ, ఒకరి అర్థం ఒకరిది కాదు. ఆ మాటలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఇది తరాలుగా వాడుకలో ఉన్న మందేనా? తింటే ప్రమాదం లేదా? చెప్పిన జబ్బు నిజంగా తగ్గుతుందా? మొదటి ప్రశ్నకు దొరికిన జవాబును మిగతా రెంటికీ జవాబుగా చెలామణి చేయడమే ఈ వాదమంతా చిక్కుపడటానికి కారణమని నా నమ్మకం. అది ఎక్కడ మొదలైందో, ఏ దేశం ఏ దారి పట్టిందో, ఇంకా ఏం తేలలేదో ఒకసారి వరసగా చూద్దాం.

మద్రాసులో మొదలైన తగాదా

ఇది కొత్త తగాదా కాదు. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలోనే పెద్దయెత్తున నడిచింది. దేశవాళీ మందుల సంగతి తేల్చమని అక్కడి ప్రభుత్వం 1918లో డాక్టర్ కోమన్‌కు పని అప్పగించింది. ఆయన ఆసుపత్రిలో రోగులకు కొన్ని మందులు ఇచ్చి చూసి, కొన్నిటిని మెచ్చుకున్నారు. ఆయుర్వేద సిద్ధాంతాన్ని మాత్రం గట్టిగా తప్పుపట్టారు. మా శాస్త్రం తెలియకుండా మా మందులకు తీర్పు ఎలా చెబుతారని వైద్యులు ప్రతివాదానికి దిగారు. దాంతో 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షుడిగా ఒక సంఘం ఏర్పడింది. వైద్యుల వాదనను వాళ్ల భాషల్లోనే విని 1923లో నివేదిక ఇచ్చింది. సంఘం కార్యదర్శి కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి అల్లోపతి చదివిన డాక్టరు. ఆయుర్వేదం శాస్త్రమేనని వాదిస్తూ ఆ నివేదికకు సుదీర్ఘమైన పత్రం జోడించింది ఆయనే.

ఇవాళ టీవీ చర్చల్లో వినబడే రెండు వాదాలూ అప్పటికే పూర్తిగా తయారై ఉన్నాయి. కోమన్ మందును సిద్ధాంతం నుంచి విడదీసి, పనిచేస్తే ఉంచుదాం, లేకపోతే పక్కన పెడదాం అన్నారు. ఉస్మాన్ సంఘం ముందుకు వచ్చిన వైద్యులు మాత్రం అలా విడదీయడమే తప్పన్నారు. రోగి ప్రకృతి, అనుపానం, పథ్యం, ఋతువు కలిస్తేనే మందు అన్నది వాళ్ల మాట. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో చోప్రా సంఘం దేశవాళీ వైద్యాన్నీ అల్లోపతినీ కలిపి బోధించాలని, పరిశోధన చేయాలని చెప్పింది. చట్టం మాత్రం ఆ సమన్వయం కోసం ఆగలేదు. వేరే దారి చూసుకుంది.

పొత్తం దారి

1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలో ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులకు ప్రత్యేక అధ్యాయం 1964 సవరణతో వచ్చింది. అందులో కీలకం మొదటి షెడ్యూలు. చరక, సుశ్రుత సంహితల నుంచి భైషజ్య రత్నావళి, శార్ఙ్గధర సంహిత వరకు ప్రామాణిక గ్రంథాల జాబితా అది. ఆ గ్రంథాల్లోని యోగం (మందు కూర్పు) ప్రకారం, అచ్చంగా అలాగే తయారుచేస్తే అది ఆయుర్వేద ఔషధం. మన తెలుగు నేల మీద పుట్టిన బసవరాజీయం కూడా ఆ జాబితాలో ఉంది. అంటే బసవరాజు రాసిపెట్టిన యోగానికి భారత చట్టంలో సాక్ష్యపు విలువ ఉంది. తెలుగువాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, తెలుసుకోదగ్గదే.

2010లో వచ్చిన 158బి నిబంధన ఈ దారిని ఇంకాస్త స్పష్టం చేసింది. గ్రంథంలోని యోగాన్ని గ్రంథం చెప్పిన రోగానికే అమ్ముతానంటే భద్రతా పరీక్షలు గానీ, రోగుల మీద ప్రయోగాలు గానీ అడగరు. గ్రంథ ప్రమాణమే చాలు. పేటెంట్ లేదా ప్రొప్రయిటరీ మందుల సంగతి వేరు. గ్రంథాల్లోని దినుసులతో కంపెనీ సొంతంగా కూర్చుకున్న యోగాలివి. వీటికి కొద్దిమందిపై ప్రాథమిక అధ్యయనం వంటివి చూపించాలి. వత్సనాభి వంటి విషద్రవ్యాలుంటే జాగ్రత్తలు పెరుగుతాయి. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రంలోని అధికారి. తన రోగుల కోసం తానే నూరుకునే వైద్యుడికి, హకీముకు లైసెన్సు అక్కర్లేదని చట్టంలోనే ఉంది. కృష్ణపట్నం వ్యవహారం చట్టానికి చిక్కకుండా జారిపోవడానికి ఈ వెసులుబాటు కూడా ఒక కారణం. అక్కడ గ్రంథమూ లేదు, ప్రయోగమూ లేదు. ఒక ఊరి వైద్యుడు, ఆయన మీద జనానికున్న నమ్మకం, అంతే.

గ్రంథ ప్రమాణాన్ని సమర్థించేవాళ్ల మాటలో బలం లేకపోలేదు. త్రిఫల చూర్ణానికి కోట్లు ఖర్చుపెట్టి ప్రయోగాలు చేయించమంటే చేయించేదెవరు? దానికి పేటెంటు రాదు, పెట్టిన డబ్బు తిరిగి రాదు. అల్లోపతి కొలమానమే పెడితే చౌకగా దొరికే మందులన్నీ బజారులోంచి మాయమవుతాయి. తరాల వాడుకే ఒక పెద్ద పరీక్ష కదా అంటారు వాళ్లు.

వాడుక అన్నీ చెప్పదు. తిన్న వెంటనే వాంతులు చేయించే మందును తరాల వాడుక ఇట్టే పట్టేస్తుంది. పదేళ్ల తర్వాత మూత్రపిండాన్ని చెడగొట్టే మందును పట్టుకోలేదు. పైగా గ్రంథం చెప్పిన రోగం వేరు, సీసా మీద అచ్చయ్యే రోగం వేరు. గ్రంథంలో ప్రమేహం ఉంటుంది. ప్రకటనలో షుగరును కొలిచే హెచ్‌బీఎవన్‌సీ అంకె ఉంటుంది. మొదటిదానికి బసవరాజు సాక్ష్యం చెల్లుతుంది. రెండోదానికి ఆయన్ని బోనెక్కించడం అన్యాయం.

ప్రయోగం దారి

ప్రయోగమే కొలమానం అనేవాళ్లు మొదట చెప్పే పేరు సర్పగంధ. 1931లో సేన్, బోస్ అనే వైద్యులు ఈ వేరు పిచ్చికీ, అధిక రక్తపోటుకూ పనికొస్తుందని రాశారు. అదే ఏడాది సలీముజ్జమాన్ సిద్దిఖీ దాని నుంచి ఒక ఆల్కలాయిడ్‌ను విడదీసి, హకీం అజ్మల్ ఖాన్ మీద గౌరవంతో అజ్మలీన్ అని పేరు పెట్టారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాకే ప్రపంచం అటు చూసింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ ఆ వేరు నుంచే రిసర్పీన్‌ను విడదీసింది. కొన్నేళ్లకు అదే మందు కొందరిని దిగులులోకి నెడుతోందన్న అనుమానమూ వైద్య పత్రికల్లో వచ్చింది. ఒక మందు మంచీ చెడూ రెండూ లెక్కలోకి రావడమే ఈ దారిలోని అసలు లాభం.

రెండో పేరు మలేరియా మందు ఆర్టెమిసినిన్. చైనా 1967లో మొదలుపెట్టిన 523 ప్రాజెక్టులో తు యూయూ పాత వైద్య గ్రంథాలు తిరగేశారు. వాటిలో కనబడిన ఒక మొక్కను మామూలు పద్ధతిలో కాస్తే మందు నిలకడగా పనిచేయలేదు. నాలుగో శతాబ్దపు గ హోంగ్ పుస్తకంలో మాత్రం ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. వేడి చేయమని లేదు. వేడికి గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. 1971లో తక్కువ వేడి దగ్గర ఈథర్‌తో సారం తీస్తే పనిచేసింది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. గ్రంథవాదులు దీన్ని తమ గెలుపుగా చెప్పుకుంటారు, ప్రయోగవాదులూ అంతే. ఇద్దరికీ కొంత హక్కుంది. ఎక్కడ వెతకాలో గ్రంథం చెప్పింది, దొరికిందో లేదో ప్రయోగం చెప్పింది. ఆ మొక్క ఆకుల టీని మలేరియాకు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ చెప్పదు.

అయితే ఈ రెండు కథల్లోనూ చివరికి గుర్తింపు దక్కింది అణువుకే. మూలికకు మూలికగా, వైద్యానికి వైద్యంగా దక్కలేదు. ఉస్మాన్ సంఘం ముందు నిలబడ్డ వైద్యుల ఫిర్యాదు సరిగ్గా ఇదే. దానికి నాకు తెలిసిన మంచి జవాబు క్షారసూత్రం.

భగందరానికి, అంటే ఫిస్టులాకు వాడే మందుదారం అది. నూలు దారాన్ని బిగించి కట్టి ఆకుజెముడు పాలు పూస్తారు. ఆరాక మళ్లీ పూస్తారు. ఇలా పాల పూతలు 11. తర్వాత పాలతో పాటు ఉత్తరేణిని కాల్చి తీసిన క్షారం అద్దుతూ 7 పూతలు. చివరగా పాలు, పసుపుతో 3. మొత్తం 21 పూతలయ్యాక ఆ దారాన్ని ఫిస్టులా మార్గంలోకి ఎక్కించి ముడివేస్తారు. కొన్ని రోజులకోసారి పాతదాన్ని తీసి కొత్తది ఎక్కిస్తుంటే దారం నెమ్మదిగా కోసుకుంటూ, మాన్పుకుంటూ బయటికి వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి దీన్ని పలు ఆసుపత్రుల్లో శస్త్రచికిత్సతో పోల్చి చూసి 1991లో ఫలితాలు ప్రకటించింది. మానడానికి శస్త్రచికిత్సకు 4 వారాలు పడితే క్షారసూత్రానికి 8 వారాలు పట్టింది. జబ్బు తిరగబెట్టింది మాత్రం శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్లలో 11 శాతం మందికి, దారం కట్టించుకున్నవాళ్లలో 4 శాతం మందికే. ఇక్కడ ఎవరూ అణువును వేరుచేయలేదు. దారాన్ని దారంగానే పరీక్షించారు, దాని లోపంతో సహా నమోదు చేశారు.

ప్రకృతిని బట్టి మనిషికో మందు ఇచ్చే వైద్యాన్ని ఒకే మూసలో పరీక్షించలేమన్నది ఇంకో అభ్యంతరం. కోయంబత్తూరులో కీళ్లవాతం రోగులు 43 మందితో జరిపిన ప్రయోగం దీన్ని చాలావరకు తేల్చింది. ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. వైద్యులు ఎవరికి తగ్గ మందు వాళ్లకు రాశారు. కానీ కొందరికి అందింది అసలు మందు, కొందరికి దాన్ని పోలిన ఉత్తి మందు. ఈ జబ్బుకు వాడే అల్లోపతి మందు మెథోట్రెక్సేట్ విషయంలోనూ అలాగే చేశారు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. ఫలితాలు అటూ ఇటూ దగ్గర దగ్గరగానే వచ్చాయి. 43 మందితో తీర్పు చెప్పలేం. అయినా ‘పరీక్షించడం కుదరదు’ అన్న మాటకు ఆ రోజుతో కాలం చెల్లింది.

నడిమి దారులు

మిగతా దేశాలు ఈ రెండు కొసల మధ్య రకరకాల దారులు వేసుకున్నాయి. జర్మనీ 1978లో ‘కమిషన్ ఈ’ అనే నిపుణుల సంఘాన్ని పెట్టి ఒక్కో మూలికపై సమీక్ష రాయించింది. వాడొచ్చని చెప్పినవే కాదు, వాడొద్దని చెప్పినవీ వాటిలో ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ 2004లో తెచ్చిన ఆదేశం ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. 30 ఏళ్ల వాడుక చూపించాలి, అందులో 15 ఏళ్లు యూరప్‌లోనే జరిగి ఉండాలి. డాక్టరు అక్కర్లేని చిన్నాచితకా బాధలకే ఈ వెసులుబాటు. నాణ్యత, భద్రత మాత్రం మామూలు మందుల స్థాయిలో ఉండాల్సిందే. డబ్బా మీద ‘ఈ వాడకానికి ఆధారం దీర్ఘకాలపు అలవాటు మాత్రమే’ అన్న అర్థం వచ్చే వాక్యం వేయాలి. పాత మందులకు ఇచ్చిన గడువు 2011 ఏప్రిల్ 30తో ముగిసింది. 15 ఏళ్ల షరతు మన మందులకు పెద్ద అడ్డుగోడ అయింది, నిజమే. ఆ లేబుల్ వాక్యం మాత్రం నాకు ఎంతో నచ్చింది. ఏ ముద్ర ఎందుకు వేశారో కొనేవాడికి దాచకుండా చెబుతుంది.

అమెరికాలో రెండు తలుపులున్నాయి. 1994 చట్టం కింద ‘ఆహార అనుబంధం’గా అమ్ముకుంటే ముందస్తు అనుమతి అక్కర్లేదు. జబ్బు నయం చేస్తుందని మాత్రం చెప్పకూడదు, ప్రభుత్వం దీన్ని పరిశీలించలేదని డబ్బా మీద రాయాలి. తలుపు ఇంత బార్లా తెరవడం వల్ల ఎఫెడ్రా వంటి ప్రమాదకరమైన మూలికను బజారు నుంచి తొలగించడానికి 2004 దాకా పట్టింది. రెండో తలుపు మందుగా అనుమతి. పూర్తి ప్రయోగాలు చూపించాలి. గ్రీన్ టీ సారంతో చేసిన వెరెజెన్ లేపనం 2006లో, దక్షిణ అమెరికా చెట్టు పాలతో చేసిన క్రోఫెలెమర్ 2012లో ఇలా వచ్చాయి. ఈ దారిన గెలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

జపాన్ తన సంప్రదాయ కాంపో వైద్యంలోని 148 యోగాలను ఆరోగ్య బీమాలో చేర్చింది. అంతటితో కళ్లు మూసుకోలేదు. షో-సైకో-తో అనే కషాయం మందును ఇంటర్‌ఫెరాన్ అనే మందుతో కలిపి వాడినవాళ్లలో ప్రాణాంతకమైన ఊపిరితిత్తుల జబ్బు కనబడటంతో 1990లలో ఆ రెంటినీ కలపరాదని ఆంక్ష పెట్టింది. గుర్తింపు ఒకసారి ఇచ్చి మరచిపోయేది కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

మన దేశమూ 2015 నవంబరులో ‘ఫైటోఫార్మాస్యూటికల్’ అనే కొత్త తరగతిని తెచ్చింది. మొక్క సారాన్ని శుద్ధిచేసి, కనీసం 4 రసాయనాలను కొలిచి చూపించి, ప్రయోగాలు జరిపి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర అనుమతి తీసుకోవాలి. మన చేలగట్ల మీద పాకే దూసరితీగ సారంతో సన్ ఫార్మా మొదట డెంగీకి, తర్వాత కరోనాకు ప్రయోగాలు మొదలుపెట్టింది ఈ దారిలోనే. ఇలా ఒకే తీగకు మన చట్టంలో రెండు జన్మలున్నాయి. ఆయుర్వేద మందుగా పుడితే గ్రంథం చాలు, ఫైటోఫార్మాగా పుడితే ప్రయోగం కావాలి. కొనేవాడికి ఈ తేడా చెప్పే ఏర్పాటు మాత్రం లేదు.

‘మూలికే కదా’ అన్న ధీమా

సామర్థ్యం మీద ఎంత వాదించుకున్నా, భద్రత దగ్గర రాజీ ఉండకూడదు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందు వాడిన వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి. చైనా పేర్లు దగ్గర దగ్గరగా ఉండటంతో ఒక మూలిక బదులు అరిస్టలోకియా జాతి మొక్క కలిసిపోయింది. మన ఈశ్వరి వేరు ఆ జాతిదే. పేర్ల గందరగోళం మనకూ తక్కువేం కాదు. రాస్నా అంటే ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం ఉత్తరాదిలో పెరిగే ఒక మొక్క ఆకు. దక్షిణాదిలో అదే పేరు మీద వాడేది దుంపరాష్ట్రం. అది అల్లం కుటుంబపు దుంప. సీసా మీది పేరు ఒకటే, లోపల ఉన్నది రెండు వేర్వేరు మొక్కల్లో ఏదైనా కావచ్చు.

బోస్టన్‌లో దుకాణాల నుంచి కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నాయని 2004లో ఒక పరిశోధన చెప్పింది. మన ప్రభుత్వం 2006 జనవరి నుంచి ఎగుమతి అయ్యే మూలికా మందులకు భారలోహాల పరీక్ష తప్పనిసరి చేసింది. పరాయి దేశం వాడి ఒంటి మీద ముందుగా చూపిన ఆ శ్రద్ధ మనవాడి ఒంటి మీద ముందే చూపవలసింది.

ఇప్పుడు నడుస్తున్న పెద్ద వివాదం తిప్పతీగది. కరోనా రోజుల్లో ఇంటింటా కాచి తాగారు. తర్వాత కొందరిలో కాలేయం దెబ్బతిందని ముంబై వైద్యులు 2021లో రాశారు. 2022లో 13 ఆసుపత్రుల నుంచి 43 మంది రోగుల వివరాలతో ఇంకో అధ్యయనం వచ్చింది. తిప్పతీగకు అలాంటి గుణం లేదని, దాన్ని పోలిన వేరే జాతి తీగ కలిసి ఉండొచ్చని ఆయుష్ శాఖ వాదన. ఆ వాదన నిజమే అనుకున్నా సమస్య తీరదు. వైద్యం తెలిసినవాళ్లకే అసలు తీగ ఏదో తేల్చడం కష్టమైతే, గోడ మీద పాకిందాన్ని తెంపుకొచ్చి కాచుకునే ఇల్లాలికి దిక్కేది? దుష్ఫలితాలను నమోదు చేసే ఏర్పాటు ఆయుష్ మందులకు 2018లో వచ్చింది. కషాయం తాగామని డాక్టరుకు చెప్పేవాళ్లు ఉంటేనే కదా అది పనిచేసేది.

తేలని సంగతులు

మొదటిది ప్రకటనల సంగతి. ముందుగా అనుమతి తీసుకోకుండా ఆయుర్వేద మందులకు ప్రకటనలు ఇవ్వరాదని 2018లో 170వ నిబంధన వచ్చింది. 2023లో దాని కింద చర్యలు తీసుకోవద్దని ఆయుష్ శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. 2024 జులైలో నిబంధననే తీసేసింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీసివేతను నిలిపివేసింది. 2025 ఆగస్టులో కేసు ముగియడంతో ఆ స్టే కూడా పోయింది. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం ఉండనే ఉంది గానీ, అది ప్రకటన వెలువడ్డాక పట్టుకునేది. లైసెన్సు దగ్గర వాడుకను మాత్రమే చూసి, ప్రకటన దగ్గర ఏమీ చూడకపోతే, మొదటి ప్రశ్నకు దొరికిన ముద్రతోనే, మూడు ప్రశ్నలకూ జవాబు దొరికినట్టు, సరుకు అమ్ముడవుతుంది. నా దృష్టిలో ఈ వ్యవస్థలో అన్నిటికంటే పెద్ద చిల్లు ఇదే.

రెండోది ప్రభుత్వ పరిశోధన సంస్థల తీరు. ఏడాకులపాల, కటుకరోహిణి, కిరాతతిక్త, గచ్చకాయలతో 1980లో మలేరియా కోసం రూపొందించిన ఆయుష్-64, క్లోరోక్విన్‌తో పోల్చినప్పుడు బాగా వెనకబడింది. 2021లో అదే మందును కరోనాకు సిఫారసు చేశారు. కొత్త జబ్బుకు పరీక్షించడంలో తప్పు లేదు. కానీ తయారుచేసినవాళ్లు, పరీక్షించినవాళ్లు, సిఫారసు చేసినవాళ్లు ఒకే గొడుగు కింద ఉంటే ఆ ముద్రకు విలువ తగ్గుతుంది.

మూడోది ఖర్చు. పేటెంటు రాని మందును పరీక్షించే భారం ఎవరిది? క్షారసూత్రాన్ని ప్రజల డబ్బుతో పరీక్షించారు కాబట్టే ఫలితం ప్రజలది అయింది. అలాంటివి ఏటా నాలుగైనా జరగాలి, ఓడిన ఫలితాలూ అచ్చు కావాలి.

వీటిలో ఏదీ రేపే తేలదు. ఒక పని మాత్రం రేపే చేయొచ్చు. ప్రతి ఆయుర్వేద మందు డబ్బా మీద, లైసెన్సు నంబరు పక్కన, ఆ అనుమతి గ్రంథాన్ని బట్టి ఇచ్చిందా, ప్రయోగాన్ని బట్టి ఇచ్చిందా అన్న ఒక్క వాక్యం తెలుగులో వేయించాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇందుకు కేంద్రాన్ని ఒప్పించాలి. అది జరిగేలోపు పాఠకులకు ఒక్క మాట. కాలేయం జబ్బున్నవాళ్లు, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నవాళ్లు, త్వరలో ఆపరేషను ఉన్నవాళ్లు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాత్రల చీటీతో పాటు ఇంట్లో తాగుతున్న కషాయం పొట్లం కూడా తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.